పెళ్ళికి మతం మార్చుకోవాలా?



మా వారాసిగూడ నుంచి యూనివర్సిటీకి నడిచి వెళ్ళేంత దూరమే. సాయంత్రం తార్నాక వైపు వెళితే టీ బండ్ల దగ్గర, బేకరీల దగ్గర ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి కబుర్లు చెప్పుకుంటూ కనిపిస్తారు. మనం ప్రేమ అనేవాళ్ళం, వీళ్ళు డేటింగు అంటున్నారు. పేరు మారింది గాని తల్లుల గుండెదడ మాత్రం అలాగే ఉంది.

మొన్న మా వీధిలో ఒకావిడ వచ్చి కూర్చుంది. ఇచ్చిన కాఫీ చల్లారిపోయినా ముట్టలేదు. కూతురు ఎమ్మే చదువుతోంది. తోటి విద్యార్థిని చేసుకుంటానంటోందట. అబ్బాయి ముస్లిం. "పిల్లవాడు మంచివాడే వదినా. కానీ శుక్రవారం గుడ్డయినా ముట్టని పిల్ల ఆ ఇంట్లో ఏం తింటుంది? పేరు మార్చమంటారేమో, మతం పుచ్చుకోమంటారేమో" అని కళ్ళు తుడుచుకుంది.

మతం సంగతికి చట్టంలో జవాబుంది. తిండి సంగతికి లేదు. ముందు చట్టం చెప్తాను.

మన హైదరాబాదులో పెరిగిన సరోజినీదేవి 1898లో మద్రాసులో డాక్టర్ గోవిందరాజులు నాయుడుగారిని పెళ్ళి చేసుకున్నారు. ఆమెది బెంగాలీ బ్రాహ్మణ కుటుంబం, ఆయనది వేరే కులం. దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం పంతులుగారు. అప్పుడున్నది 1872 నాటి చట్టం. దాని కింద చేసుకునేవాళ్ళు మేము హిందువులం కాము, ముస్లిములం కాము, క్రైస్తవులం కాము అని రాసి ఇవ్వవలసి వచ్చేది. 1923లో కొంత సడలించారు. 1954లో ప్రత్యేక వివాహ చట్టం వచ్చాక ఆ షరతే పోయింది. ఎవరి మతంలో వాళ్ళుండి, ఎవరి పేరుతో వాళ్ళు పెళ్ళి చేసుకోవచ్చు.

పద్ధతి ఇదీ. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా కనీసం 30 రోజులుగా నివాసం ఉంటున్న జిల్లాలో వివాహ అధికారికి నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు ఆఫీసులో అంటిస్తారు. 30 రోజులు ఆగాలి. ఈలోగా ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. అయితే, చూడండి, మాకిష్టం లేదంటే అది అభ్యంతరం కాదు. ఇంతకుముందే పెళ్ళయి భార్యో భర్తో బతికుంటే, వయసు చాలకపోతే, దగ్గర రక్తసంబంధమైతే, మతిస్థిమితం లేకపోతే, అలాంటి వాటికే చెల్లుతుంది. తర్వాత ముగ్గురు సాక్షుల ఎదుట సంతకాలు.

ఆస్తి సంగతి చాలామందికి తెలియదు. హిందువు, ముస్లిం ఈ చట్టం కింద పెళ్ళాడితే వాళ్ళ ఆస్తి వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. ఇద్దరూ హిందువులే అయితే, 1976 సవరణ తర్వాత, హిందూ చట్టమే వర్తిస్తుంది.

ఆ 30 రోజులే నాకు భయం. మొదటి పెళ్ళి దాచినవాడు దొరకాలని పెట్టిన గడువు, పిల్లల్ని బెదిరించేవాళ్ళకూ పనికొస్తోంది. 2018లో మిర్యాలగూడలో కులాంతరం, 2022లో సరూర్‌నగర్‌లో మతాంతరం చేసుకున్న అబ్బాయిల్ని నడివీధిలో చంపేశారు. అలాంటి జంటలకు పోలీసులు రక్షణ ఇవ్వాలని 2018 మార్చిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. నోటీసు గోడకెక్కకముందే తల్లి చెవిన వేసిన ఈ పిల్ల తెలివైనదనే నేనంటాను. తల్లి వినబట్టే అది సాధ్యమైంది, అదీ నిజమే.

ఇక తిండి. నేనే అమ్మాయిని పిలిచి అడిగాను. నవ్వింది. "ఆంటీ, క్యాంటీన్లో రెండేళ్ళుగా బిర్యానీ తింటున్నా. ఇంట్లో అమ్మ కోసం మానేస్తా, అంతే. శుక్రవారం మాత్రం ఎక్కడా తినను, అది నా కోసం." అబ్బాయి తల్లికి ఆ శుక్రవారం సంగతి ముందే తెలుసట. పప్పుకి వేరే గిన్నె కూడా తీసి పెట్టిందట! మనకే ఆలస్యంగా తెలిసింది.

నోటీసు ఇంకా ఇవ్వలేదు. వచ్చే ఆదివారం ఆవిడ వీళ్ళింటికి భోజనానికి వస్తోంది. ఏం వండను వదినా అని మళ్ళీ నా దగ్గరికే వచ్చింది. గుత్తివంకాయ చెయ్యమన్నాను. అలాంటిదే వాళ్ళింట్లోనూ చేస్తారు, బఘారా బైంగన్ అంటారు. నువ్వులపొడి కొంచెం ఎక్కువ వెయ్యమన్నాను.