స్టెంటు అమర్చిన పెద్దలకు మాత్రలే రక్ష

ఏకాదశి ఉపవాసమనో, తీర్థయాత్ర అనో గుండె మాత్రలను ఒకటి రెండు రోజులు మానివేసే పెద్దలు కొందరున్నారు. స్టెంటు అమర్చుకొన్నవారికి ఇది ప్రాణాపాయం కాగలదు.

గుండె కండరానికి రక్తాన్ని అందించేవి కరోనరీ ధమనులు. వయసు పైబడిన కొద్దీ వాటి గోడలలో కొవ్వు, సున్నం పేరుకొని మార్గం ఇరుకవుతుంది. మణికట్టు లేదా తొడ వద్ద ధమని గుండా సన్నని గొట్టాన్ని పంపి, బుడగతో ఆ ఇరుకును విప్పి, తిరిగి మూసుకొనకుండా లోహపు జాలిని నిలుపుతారు. అదే స్టెంటు. 1986లో ఐరోపాలో ఈ చికిత్స ఆరంభమైంది. 1990వ దశకంలో హైదరాబాదు వైద్యులు డా. సోమరాజు, శాస్త్రవేత్త అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చుతో స్టెంటును రూపొందించారు.

అయితే ఆ జాలి శరీరానికి పరాయి వస్తువు. ధమని లోపలి పొర దానిని కప్పేవరకు దానిపై రక్తం గడ్డకట్టే ప్రమాదముంటుంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలు దానిని నివారిస్తాయి. వృద్ధులలో ఈ మాత్రల వలన రక్తస్రావం అయ్యే అవకాశమూ ఎక్కువే. కనుక ఎన్ని నెలలు వాడాలో వైద్యుడే నిర్ణయించాలి. మలం నల్లగా వచ్చినా, ఆయాసం, అకారణమైన చెమట, నీరసం కలిగినా వార్ధక్యమని ఉపేక్షించక వెంటనే వైద్యుని సంప్రదించాలి.

పన్ను తీయించుకొనే ముందు, ఉపవాస దీక్షకు ముందు వైద్యుని సలహా పొందండి. యాత్రకు బయలుదేరేటప్పుడు మాత్రలను, చికిత్స వివరాల కాగితాన్ని చేతిసంచిలోనే ఉంచుకోండి.