ఊపిరి పెంచితే ఉరకలేస్తుందా?

'ఈ గొట్టం బిగిస్తే పికప్ పెరుగుతుంది... ఆ రేకుల చక్రం పెడితే మైలేజీ ఎక్కడికో వెళ్లిపోతుంది...' ఇంజిన్‌కి గాలి అందించే అదనపు సామగ్రి గురించి ఇలాంటి మాటలు తరచూ వినిపిస్తుంటాయి. అవి తెచ్చుకుని ఇంట్లోనే బిగించుకోవచ్చా? పెట్టిన డబ్బుకి ఫలితం ఉంటుందా?

ఆదివారం ఉదయం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కారు బానెట్ తెరిచి ఉంది. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి చేతిలో స్క్రూడ్రైవరు. పక్కనే అట్టపెట్టె. అందులో ఎర్రటి ఫిల్టరు, తళతళలాడే గొట్టం.

''ఏంట్రా ఇదంతా?'' పేపరు పట్టుకుని కిందికొచ్చిన తండ్రి అడిగాడు.

''కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ నాన్నా! దీంతో ఇంజిన్ బాగా ఊపిరి పీల్చుకుంటుంది. పికప్ పెరుగుతుంది. మైలేజీ కూడా!''

''అంత మంచిదైతే కంపెనీవాడే పెట్టి అమ్మేవాడు కదరా?''

అబ్బాయి దగ్గర జవాబు లేదు. నిజానికి అసలు సంగతంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

నిమిషానికి రెండు ట్యాంకులు

ఇంజిన్ తాగేది పెట్రోలే అనుకుంటాం. కానీ అది పెట్రోలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. 1200 సీసీ ఇంజిన్ మూడువేల ఆర్‌పీఎమ్‌తో తిరుగుతున్నప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే నిమిషానికి సుమారు 1800 లీటర్ల గాలి లోపలికి వెళ్తుంది. అంటే, మేడమీద ఉండే వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకులు దాదాపు రెండు నిండేంత!

ఆ గాలితోపాటు మన రోడ్ల దుమ్మూ వస్తుంది. దాన్ని ఆపేందుకే దారిలో ఓ పెట్టె, అందులో మడతల కాగితపు ఫిల్టరు ఉంటాయి. ఈ కాగితం గాలికి అడ్డుపడుతోందన్నది అదనపు సామగ్రి అమ్మేవాళ్ల వాదన. అందుకు బదులుగా వాళ్లు చూపించేవి ప్రధానంగా నాలుగు రకాలు. పాత పెట్టెలోనే పెట్టుకునే, కడుక్కోవడానికి వీలైన నూలు ఫిల్టరు. పెట్టె మొత్తం తీసేసి బిగించే గరాటు ఆకారపు ఫిల్టరు. బయటి గాలిని తెచ్చే పొడవాటి గొట్టం. గాలిని సుడి తిప్పుతుందని చెప్పే రేకుల చక్రం.

వీధి గుమ్మం... గది తలుపు

పెట్రోలు కారులో యాక్సిలరేటర్ కింద ఉండేది ఒక తలుపు లాంటిది. దాని పేరు థ్రాటిల్. ఊళ్లో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు అది ఓరగానే తెరుచుకుని ఉంటుంది. గది తలుపు ఓరగా వేసి, వీధి గుమ్మాన్ని ఎంత వెడల్పు చేస్తే మాత్రం లోపలికి వచ్చే గాలి పెరుగుతుందా? ఇక్కడా అంతే. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజిన్‌ని గట్టిగా తిప్పినప్పుడే ముందున్న ఫిల్టరు తేడా కాస్తో కూస్తో తెలుస్తుంది. సిగ్నల్‌కీ సిగ్నల్‌కీ మధ్య ఆ అవకాశం ఎక్కడ?

పోనీ మైలేజీ? వచ్చే గాలి ఎంతో సెన్సర్ల ద్వారా లెక్కగట్టి దానికి తగినంత పెట్రోలు చిమ్మడం ఇంజిన్ కంప్యూటర్ పని. గాలి ఎక్కువైతే పెట్రోలూ ఎక్కువే పడుతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో వెలువరించిన అధ్యయనంలో ఆసక్తికరమైన విషయం తేలింది. ఇంధనాన్ని కంప్యూటర్ నియంత్రించే ఆధునిక కార్లలో ఫిల్టరు మూసుకుపోయినా మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు. మందగించింది పికప్ మాత్రమే. కార్బురేటర్ ఉన్న పాత కారులో మాత్రం మైలేజీ కూడా కొద్ది శాతం పడిపోయింది. ఫిల్టరు మూసుకుపోతేనే తగ్గని మైలేజీ, ఇంకాస్త తెరిస్తే ఎలా పెరుగుతుంది?

ఇక రేకుల చక్రం సంగతి. అది గాలి దారికి అడ్డంగా పెట్టిన మరో వస్తువు, అంతే. ఇంధనం ఆదా చేస్తాయని చెప్పుకునే వందకు పైగా పరికరాలను అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ పరిశీలించింది. మైలేజీని గణనీయంగా పెంచేది ఒక్కటీ కనిపించలేదు.

మరి బిగించినవాళ్లు 'బండి దూకుతోంది' అంటారెందుకు? పెట్టె తీసేయగానే ఇంజిన్ గాలి పీల్చే శబ్దం 'భుస్సు'మని బయటికి వినిపిస్తుంది. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టే అనిపిస్తుంది!

చల్లగాలి పేరుతో వేడిగాలి

చల్లటి గాలి చిక్కగా ఉంటుందన్నది నిజమే. గాలి పది డిగ్రీలు వేడెక్కితే దాని సాంద్రత దాదాపు మూడు శాతం తగ్గుతుంది. అందుకే చాలా కార్లలో గాలి పీల్చే మూతిని కంపెనీవాళ్లు ముందువైపు, బయటి గాలి తగిలేచోట పెడతారు. అంటే 'కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్' మన కారులో ముందే ఉందన్నమాట! దాన్ని పీకేసి బానెట్ కింద గరాటు ఫిల్టరు పెడితే ఇంజిన్ తన వేడి గాలిని తనే పీలుస్తుంది. మన మే నెల ఎండల్లో ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే అడగనే అక్కర్లేదు.

గొట్టాన్ని కిందికి, బంపరు వెనక్కి దించితే ఇంకో ముప్పు. వాన! 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచెత్తిన వరద గుర్తుందిగా? నీళ్లు నిలిచిన రోడ్డుమీద కిందికున్న గొట్టం గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. గాలి నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. దాంతో పిస్టన్‌ని నడిపే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఇంజిన్ విప్పాల్సిందే. ఈ నష్టానికి మామూలు బీమా పాలసీ చాలావరకు వర్తించదు. ఇంజిన్ ప్రొటెక్షన్ పేరిట అదనపు కవరు తీసుకుని ఉండాలి.

దుమ్ము దయ తలచదు

గాలిని తేలిగ్గా వదిలే ఫిల్టరు దుమ్మునూ తేలిగ్గా వదిలే ప్రమాదం ఉంది. రోడ్డు దుమ్ములో ఉండే సన్నని ఇసుక రేణువులు సిలిండరు గోడల్ని, రింగుల్ని గరుకు కాగితంలా అరగదీస్తాయి. ఆ నష్టం ఒక్కరోజులో కనపడదు. కొన్నేళ్లకు ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెట్టాక తెలుస్తుంది. నూలు ఫిల్టరుకి నూనె ఎక్కువ పట్టిస్తే అది ఎగిరొచ్చి గాలిని కొలిచే సెన్సర్‌కి అంటుకోవచ్చు. అప్పుడు పెట్రోలు లెక్క తప్పుతుంది.

బైకులకైతే మరీ జాగ్రత్త. 1996లో తయారీ ఆగిపోయినా కుర్రాళ్ల మనసులోంచి పోని యమహా ఆర్ఎక్స్100నే తీసుకోండి. ఫిల్టరు ఉంటుందన్న లెక్కతోనే దాని కార్బురేటర్‌లో జెట్ అమర్చారు. ఫిల్టరు తీసేస్తే గాలి పెరిగి, పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజిన్ విపరీతంగా వేడెక్కి చివరికి పిస్టన్ పట్టేస్తుంది.

లెక్క చూస్తే...

ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే కారు, లీటరుకి 15 కిలోమీటర్లు ఇస్తోందనుకుందాం. ఏడాదికి సుమారు 667 లీటర్లు. లీటరు 110 రూపాయలు అనుకున్నా, ఒక శాతం ఆదా అయితే మిగిలేది 730 రూపాయలే. ఐదారు వేలు పోసి కొన్న సెట్టు అంత ఆదా చేసినా, పెట్టుబడి తిరిగి రావడానికి ఏడెనిమిదేళ్లు! ఈలోగా ఆ భాగం వల్ల ఇంజిన్ పాడైందని తేలితే వారంటీ వర్తించదని కంపెనీ చేతులెత్తేయొచ్చు.

అయితే ఇవి ఎవరికీ పనికిరావా? వస్తాయి. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాకుల మీద పందేలాడేవాళ్లకి. వాళ్లు గాలి దారితోపాటు సైలెన్సర్‌నీ, కంప్యూటర్ ట్యూనింగ్‌నీ మారుస్తారు. శక్తి పెరిగిందో లేదో యంత్రం మీద కొలిచి చూస్తారు. ఒక్క గొట్టం బిగించి ఆగరు.

మీరే చేసుకోదగ్గవి

* ఇంజిన్ చల్లారాక ఫిల్టరు పెట్టె క్లిప్పులు విప్పండి. ఫిల్టరు ఏ వైపు తిరిగి ఉందో ముందే గుర్తుపెట్టుకోండి.
* పెట్టె లోపల తడిగుడ్డతో తుడవండి. ఇంజిన్‌కి వెళ్లే గొట్టంలో దుమ్ము పడనివ్వొద్దు.
* కాగితపు ఫిల్టరుని నీళ్లతో కడగకూడదు. బాగా మురికిపడితే కొత్తది వేయడమే. ఎన్ని కిలోమీటర్లకో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్లు ఇంకా ముందే మార్చాలి.
* ఫిల్టరు అంచు రబ్బరు చుట్టూ సరిగ్గా కూర్చోవాలి. సందు ఉంటే ఫిల్టరు ఉన్నా లేనట్టే.
* బిగించాక ఇంజిన్ లైటు వెలిగినా, శబ్దం ఎగుడుదిగుడుగా ఉన్నా అతుకులన్నీ మళ్లీ చూడండి.

సెల్లార్‌లో అబ్బాయి పాత పెట్టె తెరిచాడు. నల్లబడ్డ ఫిల్టరు, దాని మడతల్లో ఎండిన వేపాకులు, గుప్పెడు దుమ్ము. మెరిసే గొట్టం తిరిగి అట్టపెట్టెలోకి వెళ్లింది. స్పేర్‌పార్ట్స్ కొట్టు నుంచి మామూలు కాగితపు ఫిల్టరు వచ్చింది. బిగించడానికి పట్టింది పది నిమిషాలు.

మర్నాడు ఆఫీసు నుంచి వస్తూనే తండ్రి అన్నాడు...

''కాస్త తేలిగ్గా లాగుతోందిరా!''