ఆయిల్ పామ్ గెల నిండాలంటే: చిన్న పురుగే పెద్ద దిక్కు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల ఆయిల్ పామ్ రైతులకు సమాచారం

పథకం కింద మొక్కలు పెట్టుకున్నారు, డ్రిప్ వేసుకున్నారు. ఎకరానికి ఏటా రూ.4,200 చొప్పున నాలుగేళ్ల సాయం కూడా ఉంది. ఇంత చేశాక గెల వచ్చి, అందులో కాయ నిండకపోతే? మూడేళ్ల కష్టం వృథానే. అందుకే ఈ నాలుగు మాటలు చదవండి.

కాయ ఎట్ల పడుతుంది?
ఆయిల్ పామ్ చెట్టుకు మగ పూత వేరు, ఆడ పూత వేరు. ఒకే చెట్టుకు రెండూ వస్తాయి గానీ, ఒకేసారి రావు. కాబట్టి ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టు ఆడ పూతకు చేరాలి. గాలి ఒక్కటే ఆ పని సరిగ్గా చేయలేదు. ఆఫ్రికా నుంచి వచ్చిన చిన్న ముక్కు పురుగు చేస్తుంది. 1981లో మలేసియాకు, 1985లో మన దేశంలో కేరళకు దీన్ని తెచ్చారు. అంతకుముందు మలేసియా తోటల్లో కూలీలను పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవారు.

కొత్త తోటల్లో సమస్య ఏమిటి?
ఖమ్మం, అశ్వారావుపేట వైపు పాత తోటలు ఎక్కువ, పురుగు అక్కడే పుట్టి పెరుగుతుంది. మన దగ్గర తోటలు కొత్తవి, చుట్టూ వరి పొలాలు. లేత తోటలో మగ పూత కూడా తక్కువే. పురుగు దానంతట అది వస్తుందని కూర్చోవద్దు.

మీరు చేయాల్సింది
• మొదటి రెండున్నర, మూడేళ్లు వచ్చిన పూతను తీసేయండి. చెట్టు బలపడుతుంది.
• పూత ఉంచడం మొదలుపెట్టాక, పాత తోటలోని మగ పూత రెమ్మలను పురుగులతో సహా తెచ్చి మీ తోటలో కట్టండి. ఎప్పుడు, ఎన్ని అనేది ఉద్యాన అధికారిని అడిగి చేయండి.
• ఎండిన మగ పూతను నరికి పారేయొద్దు. పురుగు పిల్లలు పెరిగేది అందులోనే.
• తోటలో అవసరం లేకుండా పురుగు మందు కొట్టొద్దు. పక్కన వరికి కొట్టేటప్పుడు గాలి తోట వైపు ఉంటే ఆగండి. పక్క రైతుకు కూడా చెప్పి ఉంచండి.
• ఎండాకాలం నీళ్లు తప్పనీయకండి. నీటి ఎద్దడి వస్తే మగ పూత పెరిగి ఆడ పూత తగ్గుతుంది, గెలలు తగ్గుతాయి.

రకం విషయంలో జాగ్రత్త
మనం పెట్టేది టెనెరా రకం. మందపు పెంకు డ్యూరా తల్లి చెట్టుకు, పెంకు లేని పిసిఫెరా పుప్పొడి పట్టించి ఈ విత్తనం తయారు చేస్తారు. టెనెరా తోటలో రాలిన గింజ మొలిచిందని పీకి నాటొద్దు. వాటిలో సుమారు సగమే టెనెరా అవుతాయి. మిగతావాటిలో పావు వంతు డ్యూరా, నూనె తక్కువ. ఇంకో పావు వంతు పిసిఫెరా, వాటికి సాధారణంగా గెల నిలవదు. ఏది ఏదో కాపు వచ్చేదాకా తెలియదు. మొక్క అనుమతి ఉన్న నర్సరీ నుంచే తీసుకోండి.

గెలలో కాయలు సరిగ్గా పట్టకపోయినా, కుళ్లినా ఫోటో తీసుకొని మీ రైతు వేదికలో ఏఈవోను గానీ, ఉద్యాన అధికారిని గానీ కలవండి. ఆలస్యం చేయొద్దు. ఈరోజు పుప్పొడి పట్టిన పూత గెలై కోతకు రావడానికి ఐదారు నెలలు పడుతుంది. ఇప్పుడు తప్పిపోతే ఆ నష్టం అప్పుడు గానీ కనపడదు.