మంచు చిరుత గొర్రెల దొడ్లో ఎందుకు పడుతుంది? ఆపడం ఎలా?

లద్దాఖ్ కొండల్లో మంచు చిరుతకు ఆహారం నీలి గొర్రెలు, ఐబెక్స్ అనే కొండమేకలు. నిటారు రాళ్ల మీద వాటిని తరిమేటప్పుడు అదుపు తప్పకుండా కాపాడేది దాని తోకే. దాదాపు మీటరు పొడవు! పడుకున్నప్పుడు ముఖానికి చుట్టుకుంటే అదే దుప్పటి.

అడవి మేకలు దొరక్కపోతే దాని కన్ను ఊళ్లోని దొడ్డి మీద పడుతుంది. చాలా దొడ్లకు రాతిగోడే తప్ప పైకప్పు ఉండదు. ఒక్క దూకుతో లోపలికి! ఆకలికి ఒక గొర్రె చాలు కదా, మరి ఒక్కోసారి దొడ్లోని అన్నిటినీ ఎందుకు చంపుతుంది? పగతో కాదు. కొండ మీద ఒకటి చిక్కేసరికి మిగతావి పారిపోతాయి. దొడ్లో పారిపోయే దారేదీ? బెదిరిపోయి దాని చుట్టూనే పరుగులు తీస్తాయి. కళ్లముందు కదిలినదాన్నల్లా అది పట్టేస్తుంది. తెల్లారేసరికి ఒక కుటుంబం ఆస్తంతా పోవచ్చు. కోపంతో చిరుతను చంపినవాళ్లను తప్పుపట్టడం తేలికే, ఆ గొర్రెలు మనవి కానప్పుడు.

ఉపాయం చిన్నదే: దొడ్డిపైన ఇనుప వల, సందులేని తలుపు. దాంతోపాటు హెమిస్ నేషనల్ పార్కులోని రుంబక్ లాంటి ఊళ్లలో చిరుతను చూడటానికి వచ్చే పర్యాటకులకు ఇళ్లలోనే బస ఇస్తున్నారు. చిరుత బతికుంటేనే ఊరికి రాబడి. 2024 జనవరిలో వెలువడిన లెక్క ప్రకారం మన దేశంలో 718 మంచు చిరుతలున్నాయి. వాటిలో 477 లద్దాఖ్‌లోనే.