లేదన్న సరుకుల పద్దు

మొన్నటి వేసవి సెలవులకు మా మనుమడు తుమ్మలపల్లెకు వచ్చియుండగా, ఒకనాటి రాత్రి భోజనములైన పిమ్మట మిద్దెమీద నులకమంచముపై బోర్లపడుకొని, ఒళ్లో ఉండవలసిన కంప్యూటరును దిండుమీద నిలిపి, ఏదో పొడవాటి పట్టికను చాలసేపు పైకి క్రిందికి జరిపి జరిపి, ఒకచోట ఆగి టక్కున నొక్కెను. నొక్కిన గడి ప్రక్కనున్న అంకె ఒకటి పెరిగినది. అంతకు మించి జరిగినదేమియు లేదు గాని, వాని ముఖమున మాత్రము మొక్కు చెల్లించుకొన్నవాని తృప్తి కనబడెను.

“ఏందిరా అది, ఓటేసినావా?” అంటిని.

“ఓటే అనుకో జేజినాయనా. నాయన చిన్నప్పుడు పొద్దుటూరు నెట్ సెంటర్లో మోటారు సైకిళ్ల ఆట ఆడేవాడంట గదా, రోడ్ రాష్ అని. దాన్ని మళ్లా అమ్మండని అడగతాండా.”

“ఎవరిని?”

“పోలండోళ్లని.”

నేల అడుగున యురేనియపు గనియు, నేలపైన అరటితోటలును గల ఈ ఊరి మిద్దెమీద నొక్కిన నొక్కుడు పోలండు దేశపు వర్తకుని చెవికెట్లు సోకునని నేను నవ్వితిని. “ఒగరు నొక్కితే ఎవురూ సూడరు. లక్షమంది నొక్కితే సూడక సస్తారా?” అని వాడు మరల పట్టికలో మునిగిపోయెను. వాని మాటలో సత్యమెంత, భ్రమ యెంత అను విచారమే ఈ వ్యాసమునకు మూలము.

నా బాల్యమున ప్రొద్దుటూరులో మేము బట్టలు కొనెడి అంగడి యజమాని రెండు పుస్తకములు ఉంచుకొనెడివాడు. మొదటిది ఎర్రగుడ్డ అట్టగల చిట్టా. అమ్మిన ప్రతి గజమును అందులోనికి ఎక్కును. రెండవది అట్ట చినిగిన పాత నోటుపుస్తకము. దానికి ఆయన పెట్టుకొన్న పేరు ‘లేదన్న పద్దు’. జమ్మలమడుగు వైపునుండి వచ్చిన ముసలమ్మ ఎర్రంచు మాధవరం చీర అడిగి లేదనిపించుకొని వెళ్లినచో, ఆమె మెట్లు దిగకముందే ఆ సంగతి పెన్సిలుతో అందులోనికి ఎక్కెడిది. ఒకే సరుకు నాలుగుమారులు ‘లేదు’ అనిపించుకొన్న వారము, మాధవరము సాలెవారికి కబురు పోయెడిది. ఆయనకు గణితశాస్త్రము రాదు. కాని గణకులు నేడు పెద్ద పెద్ద పేర్లతో చెప్పునట్టి ఒక సూక్ష్మమును ఆయన కనిపెట్టియుండెను. అదేమనగా, అమ్మకపు లెక్కలు గిరాకిని పూర్తిగా చూపవు; అంగడిలో ఉన్న సరుకు మేరకే ఆ లెక్క తెగిపోవును. పది చీరలుంచి పదియు అమ్ముడుపోయినచో, అడిగినవారు పదిమందియో పదివందలమందియో చిట్టాకు తెలియదు. అసలే ఉంచని సరుకు విషయములో చిట్టా చూపునది సున్న. ఆ సున్నకు ‘ఎవరికిని అక్కరలేదు’ అనియు ‘ఎందరో అడిగి తిరిగిపోయినారు’ అనియు రెండర్థములును సమముగనే పొసగును. ఈ అంధకారములో దీపము లేదన్న పద్దొక్కటే.

పోలండు వర్తకులు పెట్టినదియు సరిగా ఆ రెండవ పుస్తకమే. 1994లో మార్చిన్ ఇవిన్‌స్కి, మిహావ్ కిచిన్‌స్కి అను ఇరువురు మిత్రులు వార్సా నగరములో సీడీ ప్రాజెక్ట్ అను సంస్థను స్థాపించి, విదేశపు ఆటలను తమ దేశమునకు తెచ్చి అమ్ముచుండిరి. ఆ సంస్థయే 2008లో ‘గుడ్ ఓల్డ్ గేమ్స్’ అను అంగడిని అంతర్జాలమున తెరచినది; నేడు అది ‘గాగ్’ అను పొట్టి పేరుతో వ్యవహరింపబడుచున్నది. కాలము చెల్లిన కంప్యూటరు ఆటలను వెదకి, నేటి యంత్రములపై నడచునట్లు మరమ్మతు చేసి, కొన్నవాని చేతికి తాళము గీళము లేకుండ అప్పగించుట వారి వ్రతము. అయితే పాత ఆటలు వేలకొలది. దేనిని ముందు తేవలెను? దానికి జవాబుగా వారు కొనుగోలుదారుల కోరికల పట్టిక నొకదానిని తెరచి ఉంచిరి. ఎవరైనను ఒక ఆట పేరు చేర్చవచ్చును; ఎవరైనను దానికి తమ ఒక్క ఓటు వేయవచ్చును. 2025 జనవరిలో ఆ పట్టికకే ‘డ్రీమ్‌లిస్ట్’ అను క్రొత్త రూపమిచ్చి, ఓటుతోపాటు ఆ ఆటను గూర్చిన జ్ఞాపకము వ్రాయుటకును చోటు కల్పించిరి. మావాడు నొక్కినది దానినే. వాడు వ్రాసిన జ్ఞాపకము వాని తండ్రిది.

ఓటుకు ఫలము దక్కిన కథలలో నాకు మిక్కిలి ప్రియమైనది ‘సిస్టమ్ షాక్ 2’ అను ఆటది. 1999లో వెలువడిన ఆ ఆటను పండితులైన ఆటగాండ్రు మెచ్చుకొనిరేగాని, దానిని చేసిన లుకింగ్ గ్లాస్ సంస్థ మరుసటి ఏడే, 2000 మే నెలలో, మూతపడినది. అటుపిమ్మట పుష్కరకాలము దానిని న్యాయముగా కొనుటకు దారి లేదు. గాగ్ కోరికల పట్టికలో ఏండ్ల తరబడి అగ్రస్థానమున నిలిచినది అదియే. వేలకొలది ఓట్లు పడుచునేయుండెను, ఆట మాత్రము రాదు. రాకుండుటకు కారణము అంగడివారి అశ్రద్ధ కాదు. మూతపడిన సంస్థ ఆస్తులతోపాటు ఆ ఆట హక్కులు చేతులు మారి ఒక బీమా కంపెనీ బీరువాలోనికి చేరినవి. వారికి ఆటతో పనియేమి! 2012లో స్టీఫెన్ కిక్ అను అమెరికను యువకుడు గ్వాటెమాలా దేశములో తిరుగుచు, తన దగ్గరనున్న ఆ పాత ఆటను ఆడబోయి, అది నడవక, ఎందుచేత ఎవరును దీనిని మరల అమ్ముటలేదని ఆరా తీసి, చివరకు ఆ బీమావారినే పట్టుకొనెను. ఒప్పందము కుదిరి, 2013 ఫిబ్రవరిలో ఆట గాగ్ అంగడికెక్కినది. నైట్‌డైవ్ అను సంస్థ అట్లు పుట్టినదే.

ఈ కథలో ఓట్లు చేసిన పనియెంత? తాళము తీసినది ఓట్లు కావు. బీమా కంపెనీ గుమ్మమెక్కినవాడొకడు తీసెను. కాని తాళము తీసిన తరువాత లోపలి సరుకునకు గిరాకి ఉన్నదో లేదో అను సందేహము ఎవరికిని కలుగలేదు; ఓటువేసినవారి క్యూ అప్పటికే కండ్లయెదుట నిలిచియున్నది. కోరికల పట్టిక హక్కుదారుని ముందర పరచుటకు పనికివచ్చు కాగితము. “మీ బీరువాలో మూలుగుచున్నదానికి ఇందరు డబ్బులు చేతబట్టుకొని నిలబడియున్నారు” అని వర్తకుడు చెప్పుటకును, అంకె చూపి చెప్పుటకును భేదమున్నది గదా. అట్లే ఆ పట్టికలో జనము కోరిన ఆటలలో 1996 నాటి తొలి ‘రెసిడెంట్ ఈవిల్’ 2024లోను, 1999 నాటి ‘డైనో క్రైసిస్’ 2025లోను జపాను నుండి అదే అంగడికి చేరినవి.

అయితే ఆ డబ్బులు చేతబట్టుకొని నిలబడినవారు నిజముగా డబ్బులే పట్టుకొనియున్నారా? ఇక్కడ నాకు రేడియో జ్ఞాపకము వచ్చుచున్నది. మా కడపలో ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. అంతకు ముందును వెనుకను గూడ సిలోన్ రేడియోలో వ్యాఖ్యాత మీనాక్షీ పొన్నుదురై గారి గొంతుకై చెవులు నిక్కించుకొని కూర్చుండినవారు మా తరములో ఇంటికొకరుండిరి. కోరిన పాట వేయించుకొనవలెనన్న పోస్టుకార్డు కొనవలెను, పాట పేరు, సినిమా పేరు, కోరువారి పేర్లు పొందికగా వ్రాయవలెను, డబ్బాలో వేయవలెను. హిందీ శ్రోతలలోనైతే బీహారునకు చెందియుండి నేడు జార్ఖండులోనున్న ఝుమ్రీ తలయ్యా అను ఊరి పేరు దేశమంతట మారుమ్రోగినది. అభ్రకపు గనుల ఊరది. పాటలు కోరు కార్డులు అక్కడి నుండి కట్టలు కట్టలుగా పోయెడివి. అటువంటి ఊరు నిజముగ కలదా అని పట్టణవాసులు హాస్యమాడునంతటి కీర్తి దానికి దక్కినది. ఒక గని ఊరివాండ్రు కొందరు పట్టుబట్టినచో దేశమంతయు ఏ పాట వినవలెనో కొంతవరకు నిర్ణయించగలిగిరి. కార్డుల కుప్పను కొలిచినచో తెలియునది కోరువారి సంఖ్య కాదు, కోరువారి పట్టుదల. మా తుమ్మలపల్లెయు గని ఊరే గనుక ఈ సామ్యము నాకు ముచ్చటగొలుపుచున్నది.

కార్డునకు వెల యుండెను గనుక పట్టుదలకు కొంత సాక్ష్యముండెను. నొక్కుడుకు వెల లేదు. పులివెందుల చీనీకాయల మండీలో “ఈ రాశి బాగున్నది” అను మాటకును, పాడి “ఇంతకు తీసికొంటిని” అను మాటకును ఎంత దూరమో, కోరికకును కొనుగోలునకును అంత దూరము. ఆర్థికశాస్త్రజ్ఞులు మాటచేత తెలిపిన ఇష్టమును, వెచ్చించుటచేత బయటపడిన ఇష్టమును వేరువేరుగా లెక్కించుటకు కారణమిదియే. ఇంకొక చిక్కు: ఆ పట్టిక దగ్గరకు వచ్చి ఓటువేయువారు ఎవరు? పాత ఆటలపై ముందే మమకారము గలవారు. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ అను పత్రిక కోటి మందికి కార్డులు పంపి, 20 లక్షలకు పైగా జవాబులు రాబట్టి, అధ్యక్ష ఎన్నికలో లాండన్ గెలుచునని చాటగా, రూజ్వెల్ట్ 48 రాష్ట్రములలో 46 గెలుచుకొనెను. జవాబులు పెక్కయినంత మాత్రమున ఫలమేమి? తమంత తాము ముందుకు వచ్చినవారి సంఖ్య ఎంత పెరిగినను, అది రానివారి మనసును చెప్పదు.

వీటన్నిటిని మించిన వింత ఆ అంకెలోనే ఉన్నది. మావాడు పట్టికను జరుపుచు ఎక్కడ ఆగెనో గమనించితిని: పెద్ద అంకెల దగ్గర. అంకె కోరికను కొలుచుటయే కాదు, కోరికను పుట్టించును గూడ. దీనిని పరీక్షించిన ప్రయోగము ఒకటి 2006లో ‘సైన్స్’ పత్రికలో వెలువడినది. సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అను మువ్వురు పరిశోధకులు 48 అపరిచితమైన పాటలను అంతర్జాలమున ఉంచి, 14,000 మందికి పైగా శ్రోతలను ఆహ్వానించిరి. కొందరికి పాట పేరు, పాడినవారి పేరు మాత్రమే చూపిరి. తక్కినవారిని ఒకరికొకరు తెలియని 8 లోకములుగా విభజించి, ఏ లోకమువారికి ఆ లోకములో ఒక్కొక్క పాటను ఎందరు దింపుకొనిరో ఆ అంకెను చూపిరి. పాటలు అవే, ఆరంభము సమానమే. ఫలితములు మాత్రము లోకమునకొక తీరు. అంకె చూపనిచోట 26వ స్థానములో, అనగా ఇంచుమించు నడుమ, ఉండిన ‘లాక్‌డౌన్’ అను పాట ఒక లోకములో మొదటి స్థానమున కూర్చుండినది, మరొక లోకములో 40వ స్థానమునకు జారినది! మిక్కిలి మంచి పాటలు అట్టడుగునకు పోవుటయు, మిక్కిలి చెడ్డవి శిఖరమెక్కుటయు అరుదేగాని, నడిమివాటి తలవ్రాతను మాత్రము తొలుత వచ్చిన కొద్దిమంది నొక్కుడే వ్రాసినది. సిస్టమ్ షాక్ 2 వంటిది ఏ లోకములోనైనను పైకి వచ్చునని నమ్మవచ్చును. పట్టిక నడుమ పడియున్న వందలాది ఆటల వరుసను మాత్రము నేను అంత గౌరవముతో చూడలేను.

బహిరంగపు ఓటును గ్రుడ్డిగా నమ్మరాదను సంగతిని స్టీమ్ అను అంగడివారు అనుభవముమీద నేర్చుకొనిరి. ఇది అమెరికాలోని వాల్వ్ సంస్థ 2003లో తెరచినది. కంప్యూటరు ఆటల అంగళ్లలో దీనిని మించినది లేదు. క్రొత్త ఆటలలో దేనిని అంగడిలోనికి రానీయవలెనను భారము తమ నెత్తిమీద మోయలేక, వారు 2012 ఆగస్టులో ‘గ్రీన్‌లైట్’ అను పద్ధతిని పెట్టి, ఆ తీర్పును ఆటగాండ్ర ఓటునకు వదలిరి. కొలది దినములకే వేళాకోళపు దరఖాస్తులు వెల్లువెత్తగా, సెప్టెంబరులో 100 డాలర్ల రుసుము విధించి, ఆ సొమ్మును దానధర్మమునకు మళ్లించిరి. అయినను ఓటు వేసినవారికి ఆటను ఉచితముగ పంచెదమని ఆశచూపి ఓట్లు రాబట్టిన ఘనులు బయలుదేరిరి. ఈ విద్య మనకు క్రొత్తది కాదు గనుక వివరించనక్కరలేదు. 2017 జూన్‌లో ఆ ద్వారము మూసి, ఒక్కొక్క ఆటకు 100 డాలర్లు కట్టినవారికెల్ల తలుపు తెరచిరి. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియోవారి ‘అసుర’ అను ఆట స్టీమ్‌కెక్కినది అదే సంవత్సరము, ఆ మార్పునకు కొన్ని నెలల ముందు.

ఓటు పోయినను కోరిక పోలేదు. అది ప్రతివాని సొంత పట్టికలోనికి వెళ్లినది. స్టీమ్‌లో ‘విష్‌లిస్ట్’ అనబడు ఆ చీటీలో ఒక ఆటను వ్రాసికొన్నవానికి, అది విడుదలైన దినమునను, వెల 20 శాతమో అంతకు మించియో తగ్గిన దినమునను అంగడివారే ఉత్తరము పంపుదురు. ఆట చేయువాడు తన ఆటను ఎందరు చీటీలో వ్రాసికొనిరో నిత్యము చూచుకొనుచు, విడుదల తేదీని దానినిబట్టి జరుపుకొనును. అందుకొరకు ఆట సగమైన కాకముందే బొమ్మలు చూపి చీటీలు కూడబెట్టుట ఒక వృత్తివిద్యయైనది. నా మట్టుకు ఇది బహిరంగపు ఓటుకన్న నిజాయితీ గల పద్ధతి: ఇతరుల అంకె ఎదుట కనబడదు, వ్రాసికొన్నవాడు తనకొరకే వ్రాసికొనును. కాని వారిలో పెక్కుమంది వెల తగ్గువరకు కాచుకొనియుండు బేరగాండ్రని మరువరాదు. ప్రొద్దుటూరి బంగారు అంగడి గాజుపెట్టె ముందర నిలిచి, ధర దిగునని దినమును చూచిపోవు మనిషియు కోరికగలవాడే.

మావాని రోడ్ రాష్ సంగతికి వచ్చెదను. “వస్తాదా?” అని వాడడుగగా, నాకు తోచినది చెప్పితిని. 1996లో విండోస్ యంత్రములకు వెలువడిన ఆ ఆట ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థది. అందులో సౌండ్‌గార్డెన్ మొదలైన బృందముల రాక్ పాటలు చేర్చబడియున్నవి. ఆట హక్కు ఒకరిదైనను పాటల హక్కు వేరొకరిది గనుక, మరల అమ్మవలెనన్న ఒక్కొక్క పాటకును వేరువేరుగా మాటలాడుకొనవలెను. వాడు కొంతసేపు ఊరకుండి, “పాటలు లేకుండా ఇస్తే?” అనెను. తండ్రికి ఫోను కలిపి అడిగెను. “పాటలు లేకపోతే అది రోడ్ రాష్ ఎట్లయితాదిరా?” అని అవతలనుండి గట్టిగా వినబడినది.

ఫోను పెట్టివేసిన పిమ్మట వాడు నా వంక తిరిగి, “నీ పేరుతో గూడా ఒగ ఖాతా తెరుద్దామా జేజినాయనా? ఒగరికి ఒగటే ఓటు” అనెను. మోటారు సైకిలు నడుపుట నాకు రాదు; ఆ ఆటను నేను ఆడలేదు, ఆడబోను. అయినను ఆ అంకెను మరొకసారి చూచితిని. చాల పెద్దదిగనే ఉండెను. వాడు ఖాతా తెరచి కంప్యూటరు నా వైపు జరిపెను. నేను నొక్కితిని, అంకె ఒకటి పెరిగినది.