పాట ముగిసిన చోటి వ్రాత

శ్రీకాకుళమునుండి ఒక పాఠకుడు, తనయొద్దనున్న బీటిల్స్ వారి ‘ప్లీజ్ ప్లీజ్ మీ’ రికార్డు 1963లో ఇంగ్లండున వెలువడిన నల్లని పార్లొఫోన్ లేబుల్ ప్రతియేనా, లేక నకలా యని యడిగినాడు. వెల యెంతని యడుగక నిజమా యని యడిగినందుకే నాకు పరమానందమైనది. జవాబు లేబుల్‌పై మాత్రమే కాదు, చివరి గాడికిని లేబుల్‌కును నడుమ నున్నగానుండు వలయమునను ఉన్నది.

లక్క పూసిన అల్యూమినియం పలకపై సూది గాడిని కోయును. దానిపై వెండిపూత పూసి, విద్యుత్తుచే నికెలును పేర్చి యొలిచినచో, గాడులకు మారుగా గట్లుగల లోహపు పలక వచ్చును; ఆ పనివారు దీనిని ‘తండ్రి’ యందురు. తండ్రినుండి గాడులుగల ‘తల్లి’యు, తల్లినుండి మరల గట్లుగల అచ్చులును పుట్టును, ఆ అచ్చుల నడుమ వేడి వినైల్ ముద్ద నలిగి రికార్డగును. లేబుల్‌ను జిగురుతో అంటింపరు. అదియు ఆ యొత్తిడిలోనే అతుకుకొనును.

వలయమును దీపమునకు ఏటవాలుగా పట్టి చూడుడు: మొదటి వైపున, అడుగుభాగమున ఎక్స్‌ఈఎక్స్ 421–1ఎన్ అను సంఖ్యయు, ఎడమన తల్లి యంకెయు, కుడివైపున అచ్చు యక్షరములును కానవచ్చును. జి, ఆర్, ఎ, ఎమ్, ఓ, పి, హెచ్, ఎల్, టి, డి అను పదియక్షరములు వరుసగా 1 నుండి 9 వరకును, పిదప సున్నకును గుర్తులు. ‘ఆర్ఎమ్’ అన్నచో 24వ అచ్చు. ఎంత చక్కని ఏర్పాటు! అయితే ‘జి’ కనబడినంతనే తొలి ప్రతి యని పొంగిపోవు సేకర్తలు పొరబడుచున్నారు. పెక్కు అచ్చులు ఒకేమారు వేర్వేరు యంత్రములకు బిగింపబడుట కలదు.

సంఖ్య కుదిరినంతనే ఇంగ్లండు ప్రతి యనుకొనుట ఇంకను పెద్ద పొరపాటు. విజయనగర మహారాజా సంగీత కళాశాలకు 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడుగారి వాయులీనపు కొలంబియా రికార్డులను నొక్కిన కలకత్తా చెంతనున్న దమ్‌దమ్ కర్మాగారమే, ఇంగ్లండునుండి వచ్చిన లోహపు పలకలతో బీటిల్స్ వారినిగూడ అచ్చువేసినది. వానిపై సీమ సంఖ్యలే యుండును. సంఖ్య నాదము యొక్క వంశమును తెలుపును గాని, రికార్డు పుట్టిన యూరును తెలుపదు. ఊరు చెప్పవలసినది లేబులే. అందుచేతనే దాని యంచును గోటితో తడవి చూడవలెను. లేచినచో తరువాత అంటించినదే.

రికార్డునుండి రికార్డు తీసిన దొంగప్రతికి మాత్రము కొత్త లక్కపలక కావలెను, దానిపై అక్షరములు మరల చెక్కవలెను. ఆ రూపు తొలి పోట్లతో కుదురుట దుర్లభము. అక్కడ సందేహము తీరనిచో చెవినొగ్గుడు. పలుమారులు టిక్కుమని వినబడిన చోట్ల భూతద్దముతో వెదకినను గీత కానరాకున్నచో, ఆ గీత వేరొక రికార్డుపై నున్నది.