కన్నే అసలు గురి

మణికొండకు కాస్త దూరంలో, సెంట్రల్ యూనివర్సిటీ దగ్గర షూటింగ్ రేంజ్ ఉంది. పిల్లల్ని షాట్‌గన్ పోటీల వైపు పంపాలనుకునే అమ్మానాన్నల మొదటి సందేహం... తుపాకీకి ఏ స్కోపు కొనాలని! ఏదీ అక్కర్లేదు. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీలో పాల్గొన్న కైనన్ చెనాయ్ మన హైదరాబాదీయే. ఆ పోటీల్లో స్కోపులు నిషిద్ధం. గొట్టం చివర చిన్న పూస, అంతే!

పదకొండు సెంటీమీటర్ల మట్టి పళ్లెం గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో దూసుకుపోతుంటే చూపు దానిమీదే ఉండాలి. పూస మీదికి మళ్లిందా, పళ్లెం దాటిపోయినట్టే. వెనక సైటు పని చేసేది కన్నే కాబట్టి తుపాకీ చెక్క ప్రతిసారీ చెంపకు ఒకేలా ఆనాలి.

అమెరికాలో టర్కీ కోళ్ల వేట లెక్క వేరు. నిలబడ్డ పక్షి తలకీ మెడకీ గురిపెడతారు. గుళ్లు చెదరకుండా ఇరుకు చోక్ బిగిస్తారు, దాంతో బెత్తెడు తేడా వచ్చినా దెబ్బ తప్పుతుంది. అందుకే అక్కడ ఎర్ర చుక్క సైటుకి గిరాకీ. (మన దగ్గర 1972 చట్టంతో అడవి జంతువుల వేటకు తెరపడింది, మంచిదే.)

డబ్బు పెట్టేముందు ఓ పరీక్ష. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గడియారానికి వేలు చూపించమనండి. ఎడమ కన్ను మూస్తే వేలు పక్కకు జరిగిందా? పెత్తనం ఎడమ కంటిదే. కుడి భుజాన తుపాకీ పెట్టే పిల్లలైతే ఆ మాట కోచ్‌కి మొదటి రోజే చెప్పండి.